ఏ తరగతి బండి కొనవలెను?



బండి కొనువాడు రెండు ఎంపికలు చేయవలసియుండును. ఏ సంస్థవారి బండి కొనవలెననునది మొదటిది. ఆ బండిలో ఏ తరగతి కొనవలెననునది రెండవది. మొదటిదానిని గూర్చి రచ్చబండమీద నలుగురును నాలుగు మాటలు చెప్పుదురు. రెండవదానిని గూర్చి అడుగువారును తక్కువ, చెప్పువారును తక్కువ. తుదకు అది షోరూములో, అమ్మువాని బల్లముందు, అరగంటలో తేలిపోవును. ఆ అరగంటలో తేలిన భేదము ఒక్కొకప్పుడు మూడు నాలుగు లక్షల రూపాయలు. ఋణపత్రముమీద జామీను సంతకము చేయువారు తఱచుగా ఇంటి పెద్దలే. కావున నేడు ఈ రెండవ ఎంపికను గూర్చి నాకు తెలిసినంతవఱకు మనవి చేయదలచితిని.

నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. బాలురకు వ్యాకరణమును గణితమును బోధించి విశ్రాంతి పొందినవాడను. అయినను ఒక వస్తువును భాగములుగా విడదీసి, ఏది ప్రధానము, ఏది అప్రధానము అని విచారించు పద్ధతి ఏ శాస్త్రమునకైనను ఒక్కటే. ఆ పద్ధతిని బండికి అన్వయించుటయే నా పని.

నేను చెప్పబోవునది పికప్పు బండిని గూర్చి. ముందు మనుష్యులు కూర్చుండు గది, వెనుక సరకు వేసికొను తొట్టి గల బండిని పికప్పు అందురు. అందును తారు రోడ్డు విడిచి కొండత్రోవలను, వాగుల యిసుకను, నల్లరేగడి బురదను దాటవలసిన బండి యొకటి వేఱుగా కలదు. పాడేరు కొండలలో కాఫీ బస్తాలు దింపువారికిని, నల్లమల అంచున పొలములు గలవారికిని, తొలకరి తరువాత రేగడి చేలకు పోవలసిన వారికిని ఇట్టి బండి అక్కఱకు వచ్చును. ఇది మనకు దూరపు వస్తువు కాదు. ఇసుజు సంస్థవారి డీమ్యాక్స్ పికప్పులు 2016 నుండి మన శ్రీసిటీలోని కర్మాగారమునందే తయారగుచున్నవి. టయోటా సంస్థవారి హైలక్స్ అను బండి ప్రపంచమున 1968లోనే పుట్టినను, మన దేశపు విపణికి 2022లో వచ్చినది.

ఇక తరగతి యనగా నేమి? ఒకే చట్రము, చాలవఱకు ఒకే ఇంజను గల బండికి కొన్ని సామగ్రులు తగ్గించి ఒక పేరును, కొన్ని చేర్చి వేఱొక పేరును పెట్టుదురు. ఈ పేర్లు మెట్లవలె నుండును. క్రింది మెట్టుకు చవుక ధర, పై మెట్టుకు అధిక ధర. ఇచ్చట మన మనస్సు ఒక పొరపాటునకు లోనగు నవకాశము కలదు. బడిలో అయిదవ తరగతి బాలునకు నాలుగవ తరగతి పాఠము వచ్చియుండునని మనము నమ్ముదుము. అట్లే ధర పెరిగిన తరగతిలో మనకు వలసినది తప్పక యుండునని తలంతుము. బండ్ల విషయమున అది సత్యము కాదు.

దృష్టాంతము చెప్పెదను. 2021 మే నెలలో ఇసుజువారు డీమ్యాక్స్ బండ్లను క్రొత్త ఇంజనుతో విడుదల చేసిరి. అందు హైల్యాండర్ అను తరగతి ధర చెన్నైలో సుమారు 17 లక్షలు. వీ-క్రాస్ జడ్ అను తరగతిలో గేరు తనంతట మారునది సుమారు 20 లక్షలు, చేతితో గేరు మార్చునది సుమారు 21 లక్షలు. వీనికన్న పైది జడ్ ప్రెస్టీజ్, సుమారు 24 లక్షల 50 వేలు. ఇవి నాటి ధరలు. తరువాత ధరలును సామగ్రులును మాఱినవి. నాకు ముఖ్యమైనది ధర కాదు, ఆ మెట్ల అమరిక. హైల్యాండర్ ఎత్తుగా, కొండలెక్కు బండివలె కనబడును. పేరులోనే కొండనేల యున్నది. కాని అందు ఇంజను బలము వెనుక రెండు చక్రములకే పోవును. మూడు లక్షలు అధికముగా నిచ్చి, తనంతట గేరు మారు జడ్ కొన్నవానికిని రెండు చక్రముల బలమే లభించెను. అదే జడ్ పేరుతో చేతిగేరు గల బండి కొన్నవానికి మాత్రము నాలుగు చక్రములకును బలము లభించెను. పేరొక్కటే, ధరలో భేదము లక్ష, గుణములో భేదము కొండంత. బురదలో దిగువాడు పేరు చూచి కొన్నచో మోసపోవును. అందు సంస్థవారి మోసమేమియు లేదు. వారు పత్రములో స్పష్టముగా వ్రాసియే యిచ్చిరి. చదువకపోవుటయే మోసము.

దీనికి విరుద్ధమైన దృష్టాంతము హైలక్స్. అది 2022లో మన దేశమునకు వచ్చినప్పుడు స్టాండర్డ్ అనియు, హై అనియు రెండు తరగతులుగా వచ్చినది. రెంటియందును నాలుగు చక్రములకు బలము కలదు. అనగా క్రింది తరగతి కొన్నవాడు బురదలో దాటు శక్తిని కోల్పోలేదు. ఇందు మఱియొక చిత్రము. క్రింది తరగతికి 17 అంగుళముల చక్రమును, పై తరగతికి 18 అంగుళముల చక్రమును అమర్చిరి. టైరు వెడల్పు రెంటికిని 265 మిల్లీమీటర్లే. టైరుమీది అంకెలనుబట్టి లెక్కించినచో, క్రింది తరగతి టైరు ప్రక్కగోడ ఎత్తు సుమారు 172 మిల్లీమీటర్లు, పై తరగతిది 159. పెద్ద చక్రము చూపునకు అందము. కాని రాళ్లత్రోవలో దెబ్బను మ్రింగునది రబ్బరు గోడయే. అది ఎత్తుగా నున్నకొలది చక్రపు అంచు సొట్టపడు భయము తక్కువ. రాళ్లలో తిరుగువానికి ఈ యొక్క విషయమున చవుక బండియే మేలు.

కావున తరగతి పేరును, ధరను ప్రక్కకు నెట్టి సామగ్రులను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. పరీక్షకు కొలమాన మేది? మన పూర్వులు కర్మములను నిత్యములు, నైమిత్తికములు, కామ్యములు అని మూడు విధములుగా విభజించిరి. ప్రతిదినమును చేయవలసినది నిత్యము. ఒక నిమిత్తము కలిగినప్పుడు చేయవలసినది నైమిత్తికము. కోరికచే చేయునది కామ్యము. ఈ విభాగము బండి సామగ్రులకు చక్కగా సరిపోవును.

ప్రాణరక్షణకు సంబంధించినవి నిత్యములు. గట్టిగా బ్రేకు త్రొక్కినప్పుడు చక్రములు బిగుసుకొని జారకుండ కాపాడు ఏబీఎస్ ఏర్పాటు, ఢీకొన్నప్పుడు ఉబ్బి తలను రొమ్మును కాపాడు ఎయిర్‌బ్యాగులు, మలుపులో బండి అదుపు తప్పబోవునప్పుడు ఏదో యొక చక్రమును తానే బ్రేకు పట్టి దారికి తెచ్చు స్థిరత్వ సాధనము, ప్రతి సీటునకును బెల్టు. ఎత్తైన బండి మలుపులో ఒరగు స్వభావము గలది గనుక ఈ స్థిరత్వ సాధనము పికప్పునకు మఱింత అవసరము. ఎయిర్‌బ్యాగు బెల్టునకు తోడేగాని దానికి బదులు కాదను సంగతి పిల్లలకు మనమే చెప్పవలెను.

నాలుగు చక్రముల బలము, దానికి తోడగు లో గేరు, డిఫరెన్షియల్ లాకు, ఇవి నైమిత్తికములు. వీని పని యెట్టిదో కొంచెము వివరించెదను. మలుపులో వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము తిరుగవలసియుండును. అందుకై రెండు చక్రముల నడుమ డిఫరెన్షియల్ అను పండ్లచక్రముల పెట్టె నుంచిరి. దాని గుణమే దాని దోషము. అది రెండు చక్రములకును సమానముగానే బలము పంచును. ఒక చక్రము బురదలో పట్టు తప్పి తిరుగుచున్నచో, రెండవ చక్రమునకును అంత కొద్ది బలమే చేరును. ఒకే కాడికి కట్టిన ఎడ్లలో బలహీనమైనది లాగినంతయే రెండవదానిచేత లాగించిన ట్లగును. లాకు వేసినచో ఆ రెండు చక్రములును ఒక్కటిగా తిరుగును. పట్టున్న చక్రము బండిని ముందుకు నెట్టును. నాలుగు చక్రముల బలమనగా ముందు మఱియొక జత ఎడ్లను కట్టుట. లో గేరనగా వేగమును తగ్గించి బలమును పెంచుట. నిండు తొట్టితో నిట్టనిలువు ఎక్కునప్పుడును, అంతకన్న ముఖ్యముగా దిగునప్పుడు బ్రేకులు వేడెక్కకుండ ఇంజనే బండిని పట్టియుంచుటకును అది ఉపకరించును.

వీనికి హద్దులును కలవు. ఈ రెండు బండ్లలో నున్న ఏర్పాటునుబట్టి, ఎండిన తారు రోడ్డుమీద నాలుగు చక్రముల బలము వేసికొని నడుపరాదు. ముందు వెనుక చక్రములు మలుపులో వేఱువేఱు దూరములు తిరుగలేక, పండ్లచక్రములు ఒత్తిడికి లోనగును. నాలుగు చక్రముల బలము బండిని కదలించునేగాని ఆపుటకు సాయపడదు. ఆపునది టైరును బ్రేకును. హైలక్స్ 700 మిల్లీమీటర్ల నీటిలో దిగగలదని సంస్థవారు చెప్పుదురు. అది నిలిచిన నీటి మాట. పొంగి పారు వాగు అంతకు తక్కువ లోతులోనే బండిని ఈడ్చుకొని పోగలదు. ఏ తరగతి కొన్నను వాగు వాగే.

ఇక కామ్యములు. తోలు సీట్లు, మెఱుగు పూత, పెద్ద తెర, పాటల పెట్టె, వెలుగు చారలు. వీనిని నేను నిందింపను. దినమంతయు శ్రమించువానికి మెత్తని సీటు పాపము కాదు. కాని ఇవి శరీరమునకు పెట్టు నగలు. శరీరము దృఢమైన తరువాతనే నగ.

మూడు రాసులు పోసిన తరువాత ప్రతి వస్తువును గూర్చియు ఒక ప్రశ్న అడుగవలెను. దీనిని తరువాత అమర్చుకొనవచ్చునా? ఈ ప్రశ్నయే నా ప్రసంగమునకు ప్రాణము. సీటు గుడ్డ, పాటల పెట్టె, తొట్టికి కప్పు, మంచి టైర్లు, ఇవి చేతిలో డబ్బున్నప్పుడు తరువాత కొనుక్కొనవచ్చును. నాలుగు చక్రముల ఏర్పాటు, ఎయిర్‌బ్యాగులు, స్థిరత్వ సాధనము తరువాత అమర్చుట సామాన్యునకు సాధ్యము కాదు. కర్మాగారములో లేనిది ఊరి మెకానిక్కు పుట్టింపలేడు. కావున మొదట వెచ్చింపవలసిన ధనము తరువాత రాని వస్తువులకు. తరువాత వచ్చువానికి తరువాతనే.

అమర్చుకొనదగినవానిలోను ఒక హెచ్చరిక. బండి ముందు ఇనుప కమ్మీలు బిగించుట పల్లెలలో వాడుక. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖవారు అట్టి కమ్మీలమీద చర్య తీసికొనవలసినదని రాష్ట్రములకు వ్రాసిరి. అవి ఎదుటివారికి ప్రాణాంతకము. మన బండి ఎయిర్‌బ్యాగులు సకాలమున తెఱుచుకొనుటకును అడ్డము రావచ్చును. లక్షలు పోసి నిత్యమును కొని, కొన్ని వేలతో దానిని చెఱుపుకొనుట తగదు.

మా మేనల్లుడొకడు కొండవాలున పసుపును జీడిమామిడిని పండించువాడు. అతనికి తోడుగా నేనొక షోరూమునకు పోతిని. అమ్మువాడు మర్యాదస్థుడు. అన్నిటికన్న పై తరగతి నుండి మొదలుపెట్టి వర్ణింప నారంభించెను. నేను, "నాయనా, మా చేతిలో ధరల పట్టిక కలదు. నాలుగు చక్రముల బలము గల రెండు తరగతులకు నడుమ ధర పెరిగినది గదా, ఆ పెంపునకు మీరు మాకిచ్చు వస్తువులేవో ఒక కాగితముమీద వ్రాసి యిమ్ము" అంటిని. అతడు పదునొకండు వస్తువులు వ్రాసెను. చదివి చూడగా తొమ్మిది కామ్యములు. మిగిలిన రెండును, ప్రక్కనుండి కాపాడు ఎయిర్‌బ్యాగులు, మలుపులో పట్టు తప్పనీయని సాధనము.

మేనల్లుడు చవుక తరగతియే చాలుననెను. తొమ్మిదింటిని చూచిన అతని మాట న్యాయమే. కాని ఆ బండిలో అతడు ఒంటరిగా పోడు. బడి దినములలో ఇద్దరు పిల్లలను ఇరువది మలుపుల ఘాటు దింపి తెచ్చును. ఆ రెండు వస్తువులు తరువాత ఏ దుకాణములోను దొరకవు. "ఒరే అబ్బాయీ, తొమ్మిదింటికి ధర ఇచ్చుచున్నానని ఏడువకుము, రెండింటికి ధర ఇచ్చి తొమ్మిది కొసరు తెచ్చుకొనుచున్నానని తలంపుము" అంటిని. అతడు రాత్రి ఆలోచించి, ఆ యేడు కట్టదలచిన రేకుల కొట్టమును మరుసటి యేటికి వాయిదా వేసి, పై తరగతియే కొనెను. ఘాటు లేని సమతలపు ఊరివాడైనచో అతనికి నేనిచ్చు సలహా వేఱుగా నుండెడిది. సంవత్సరములో నాలుగైదు దినములే బురదలో దిగువాడు నాలుగు చక్రములకు లక్షలు వెచ్చించుటకన్న, ఆ దినములలో ట్రాక్టరు బాడుగకు తెచ్చుకొనుట మేలు. అట్టివాడు ఎత్తైన రెండు చక్రముల బండియే కొని, మిగిలిన ధనముతో ప్రాణరక్షణ సామగ్రి గల తరగతిని కోరవలెను.

బరువు మాట మఱచిపోరాదు. బండి మొత్తము ఎంత బరువుండవచ్చునో ప్రభుత్వము నిర్ణయించును. ఆ సంఖ్యయు, ఖాళీ బండి బరువును నమోదు పత్రములో ఉండును. మొదటిదానినుండి రెండవది తీసివేయగా మిగిలినదే మీ సరకునకును మనుష్యులకును చోటు. నాలుగు చక్రముల యంత్రమును, అధిక సామగ్రియు ఖాళీ బండి బరువును పెంచును. సరకునకు మిగులునది తగ్గును. అయిదుగురు కూర్చున్నచో వారి బరువే మూడు నాలుగు వందల కిలోలు. డెబ్బదియైదు కిలోల ధాన్యపు బస్తాలు ఎన్ని పట్టునో తొట్టి పొడవు చూచి కాక, ఈ తీసివేత చేసి తెలిసికొనవలెను. బస్తాలే ముఖ్యమైనవానికి తక్కువ అలంకారముల ఒంటిగది బండియే ఉత్తమము.

ఆ బండి సరకుల బండిగా నమోదగునా, సొంత వాడుక బండిగా నమోదగునా అనికూడ ముందే అడుగవలెను. సరకుల బండిలో ఊరక ఎక్కించుకొన్న ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యురాలు కాదని సుప్రీంకోర్టువారు 2002లో తీర్పు చెప్పిరి. పెండ్లివారిని తొట్టిలో ఎక్కించుకొని పోవు ఇంటికి, ఒక్క ప్రమాదముతో భూమి పోవును. మనుష్యులను తీసికొనిపోవలసిన అక్కఱ నిజముగా నున్నచో, వారికి సీటును బెల్టును గల రెండు వరుసల గదియే కొనవలెను. ఇది కామ్యము కాదు.

అప్పు లెక్కయు చూడుడు. పై తరగతికై అదనముగా నాలుగు లక్షలు అప్పు చేసితిమనుకొందము. సాలునకు నూటికి 10 వడ్డీతో అయిదేండ్ల వాయిదాలు. నెలకు సుమారు 8,500 రూపాయలు కట్టవలెను. అయిదేండ్లకు సుమారు 5 లక్షల 10 వేలు. అమ్మువాడు చెప్పునది నాలుగు లక్షలు. మన ఇల్లు కట్టునది అయిదు. ఆ 8,500 ప్రతినెలయు, పంట చేతికి రాని నెలలలోను, ఎక్కడినుండి వచ్చునో కుటుంబమంతయు కూర్చుండి చెప్పుకొనవలెను.

పై తరగతికి తిరిగి అమ్మునప్పుడు మంచి ధర వచ్చునని కొందఱు వాదింతురు. కొంత వచ్చును. కాని తోలును తెరయు పాతబడుకొలది విలువ కోల్పోవు వస్తువులు. పదేండ్లు బండిని అట్టిపెట్టుకొను రైతునకు ఆ వాదము పెద్ద ఆధారము కాదు.

తుదకు పద్ధతిని సంగ్రహించెదను. షోరూమునకు పోకముందే మీ త్రోవను తలంచుకొనుడు. సంవత్సరములో ఎన్ని దినములు బురద, ఎన్ని మలుపులు, ఎన్ని బస్తాలు, ఎందఱు మనుష్యులు అని కాగితముమీద వ్రాయుడు. పిదప సంస్థవారు ముద్రించిన పట్టికను, నోటిమాటను కాదు, చేతికి తీసికొని ప్రతి భేదమును మూడు రాసులలో వేయుడు. తరువాత అమర్చుకొనరానివానిక్రింద గీత గీయుడు. సాధ్యమైనచో మీ ఊరి త్రోవమీదనే, తొట్టిలో బరువు వేసి, నడిపి చూపుమని అడుగుడు. గీత గీసిన వస్తువులన్నియు ఏ తరగతిలో మొదట కనబడునో, ఆ తరగతియే మీది. దానికి పైన ఒక్క మెట్టును ఎక్కవలదు. దానికి క్రింద ఒక్క మెట్టును దిగవలదు.

ఇంటి కుఱ్ఱలు బండి రంగును ఎన్నుకొందురు. ఎన్నుకొననిండు, ఆ ముచ్చట వారిది. ఆ పట్టికను చివఱి పంక్తివఱకు చదువుట మాత్రము సంతకము పెట్టు పెద్దలది. మఱునాడు ఆ బండిలో పోవువారు మన పిల్లలే గదా. సెలవు.